రేలపెంట వాలు మీద మా ఆయన మట్టి

నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే మా గల్లీలో ఉండే టీచరమ్మ రాస్తోంది. నా మాటను దిద్ది రాయమన్నాను. దారిలో కలిసినవాళ్ల మాటలు మాత్రం ముట్టుకోవద్దన్నాను. వాళ్లు ఎట్లా అన్నారో అట్లాగే ఉండాలి.

ధూల్‌పేట్

మాది వినాయక విగ్రహాల పని. కాపురానికి వచ్చింది మొదలు మట్టి తొక్కడం, పిసకడం, తడి చేత్తో నునుపు చేయడం. మేం చేసినవి ఏవీ మిగలవు. పూజలందుకుంటాయి, నీళ్లలోకి పోతాయి. అందుకోసమే చేస్తాం కనుక నేనెప్పుడూ దిగులు పడలేదు. మా ఆయన కిష్టయ్యకే ఆ దిగులు ఉండేది. అచ్చుల్లో పోసే పెద్ద విగ్రహాలు వచ్చాక మా చేతిపని సన్నగిల్లింది. పండుగ పని లేని నెలల్లో ఆయన ఒక కాంట్రాక్టరు వెంట నల్లమలకు పోయి అడవిలో మట్టి రోడ్లు వేసేవాడు. చివరిసారి తిరిగి వచ్చినప్పుడు చెప్పులు కూడా విప్పలేదు, గడపలోనే నిలబడి చెప్పాడు.

"యాదీ, ఈసారి నేన్ జేసింది నీళ్లల్ల కలిపేది కాదు. రేలపెంట తొవ్వల ఒక వాలున్నది. ఆడికొచ్చేసరికి మొరం ఒడిసిపోయింది, కాంట్రాక్టరు చేతులెత్తిండు. నేనే మట్టి దేవులాడి తెచ్చి ఏసిన. అద్దం లెక్క ఉన్నది. నిన్ను తీస్కపోయి చూపిస్త."

చూపించలేదు. ఆ చలికాలంలోనే గుండె ఆగి పోయాడు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో మరిది కుటుంబం ఉంది, నాకొక గది ఉంది, గదిలో మాట్లాడేవాళ్లు లేరు. సీజను మొదట్లో తొలి మట్టిముద్ద పీట మీద పెట్టే పని ఎప్పుడూ నాదే. ఆయన పోయాక ఆ పనికి నన్ను పిలవడం మానేశారు. ఎవరూ పొమ్మనలేదు, పిలవలేదంతే. ఆ రోజుల్లో గదిలో కూర్చుని రేలపెంట వాలు గురించి ఆలోచించేదాన్ని. అడవిలో ఎక్కడో ఆయన చెయ్యి పడిన చోటు ఒకటి ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఉందనుకుంటే కాస్త అన్నం సహించేది.

మొన్న ఎండాకాలం చివర్లో ఫోన్ వచ్చింది. రేలపెంట మేస్త్రీ లింగయ్య. మా ఆయన దగ్గర పని చేసినవాడు, చెంచు మనిషి. పెంట అంటే అడవిలో చెంచుల గూడెం.

"వదినా, ఆ వాలు తవ్వుతున్నరు. వానల కన్న ముందు మొత్తం తీసి కొత్తగ ఎయ్యాల్నని మీదికెల్లి చెప్పిండ్రు. దానికేమన్న అయితె ఇంటికి చెప్పుమని అన్న అప్పట్ల అనిండు. అందుకే చేసిన."

ఫోన్ పెట్టేసి సంచి సర్దుకున్నాను. పోయి ఆపమని అడగాలి. మొత్తం కాకపోతే ఒక ముక్కయినా వదిలేయమని కాళ్లు పట్టుకోవాలి. నా మనసులో అదొక్కటే ఉంది.

మరిది నవ్వాడు. "మట్టి రోడ్డు చూడనీకి గంత దూరమా వదినా? మన ఇంట్ల మట్టి తక్కువైందా ఏంది?"

"ఇంట్ల మట్టి నీది. ఆడి మట్టి నా మొగనిది," అన్నాను.

అఫ్జల్‌గంజ్ దాటాక

ఒట్టి చేతులతో ఎవరింటికీ పోకూడదు కదా, అఫ్జల్‌గంజ్‌లో ఆటో ఆపించి ఉస్మానియా బిస్కెట్లు కొన్నాను. ఆటో ఆయన ఇంజన్ ఆపకుండా తొందర పెట్టాడు. "జల్దీ అమ్మా, బస్సు మీ కోసం ఆగుతదా? అది మీ అల్లుడు కాదు!" మూసీ వాసన వంతెన దాటేదాకా మా వెంటే వచ్చింది.

బస్సులో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, కార్డు చూపిస్తే సున్నా కొట్టిన చీటీ ఇస్తారు. నేను కిటికీ పక్కన కూర్చుని పక్క సీటు మీద సంచి పెట్టాను. పెట్టాక తెలిసింది ఏం చేశానో. ముప్ఫై ఏళ్లు ఆయన కోసం సీటు ఆపిన అలవాటు, చెయ్యి మరచిపోలేదు. చంకలో బిడ్డతో ఒకామె వచ్చి, "ఈడ ఎవలన్న ఒస్తరా అమ్మా?" అంది.

"ఎవలు రారు. కూసో బిడ్డా."

సంచి ఒళ్లో పెట్టుకున్నాను. ఆ పిల్లతల్లి అచ్చంపేట దాకా నా భుజం మీదే నిద్రపోయింది. బరువుగానే ఉంది. లేపలేదు.

అచ్చంపేటలో బస్సు మారాలి. చాయ్ తాగాను. మన దగ్గరకంటే సగం ధర, కప్పు కూడా సగమే. పక్కనే ఉడికించిన పల్లీలు అమ్ముతున్నారు, ఉప్పు బాగా పట్టింది. పల్లీలు కొలిచే ఆమె, బస్సు కండక్టరు, నీళ్ల సీసా అమ్మే ఆయన, అందరూ ఒకటే మాట అడిగారు: "ఒక్కదానివే పోతున్నవా?" పట్నంలో నన్ను ఈ మాట ఎవరూ అడగరు. ఒక్కదాన్నే ఉన్నానని వాళ్లకు కనపడను కూడా. ఇక్కడ అడిగిన ప్రతిసారీ ఒక్కదాన్నే అని పైకి చెప్పవలసి వచ్చింది. మూడోసారికి పల్లీ గొంతుకు అడ్డం పడ్డట్టు నటించాను.

మన్ననూరు గేటు

మన్ననూరు దగ్గర అడవి గేటు ఉంది. పొద్దు వాలితే మూసేస్తారు. లింగయ్య ఒక జీపు మాట్లాడి ఉంచాడు. జీపు ఖాజా భాయ్‌ది. గడ్డం నెరిసిన మనిషి, నోట్లో ఎప్పుడూ వక్క ఉంటుంది. జీపులో నాతో పాటు రెండు బియ్యం బస్తాలు, ఒక కోళ్ల గంప ఎక్కాయి.

"ముందు సీటు కోళ్లకు ఇచ్చిన అమ్మా. అవి ఎనక కూసుంటె లొల్లి పెడతయ్. నువ్ పెట్టవని నమ్మకం."

"కోళ్లకున్న ఇజ్జత్ నాకు లేదన్నట్టు," అన్నాను. గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను. చాలా రోజులకు నా నవ్వు నాకే వినపడింది.

అడవి రోడ్డు మీద మొరం పరిచారు. మొరం అంటే ఎర్రటి గులకమట్టి, రాయీ మన్నూ కలిసి ఉంటుంది. టైర్ల కింద అది పటపటమని నలుగుతూ పోతోంది. దుమ్ము లేచింది కానీ బండి ఊగలేదు. ఖాజా భాయ్ అదీ ఇదీ చెబుతూ, "రేలపెంట వాలు కాడ మాత్రం వానకాలంల అందరు దిగాల్సిందే. నా జీపైతె ఆడ..." అంటుండగా నేను ఆత్రంగా అడ్డం వచ్చాను.

"ఆ వాలు మా ఆయన ఏసిందే భాయ్. కిష్టయ్య అని."

ఆయన నోట్లో వక్క నమలడం ఆగింది. "అట్లనా," అన్నాడు. తర్వాత వాలు వచ్చేదాకా మాట్లాడలేదు. పెద్దవాళ్ల పేరు విని మర్యాద చూపాడనుకున్నాను.

వాలు వచ్చిందని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. టైర్ల కింద పటపట ఒక్కసారిగా ఆగింది. చప్పుడే లేదు. జీపు గచ్చు మీద పోతున్నట్టు మెత్తగా ఎక్కసాగింది. "ఆపు భాయ్," అన్నాను.

వాలు

దిగి చూశాను. అక్కడక్కడ నెర్రెలు విచ్చాయి, అంచులు విరిగాయి, చక్రాల గాడులు గట్టిపడి ఉన్నాయి. కానీ గాడులకు పక్కన, ఎవరూ తొక్కనిచోట, ఆ నునుపు అట్లాగే ఉంది. అది ఆయన చెయ్యే. విగ్రహం బొజ్జకు చివర్లో మట్టినీళ్లు పూసి అరచేత్తో దిద్దుతాడు చూడండి, అట్లా దిద్దాడు. రోడ్డుకు ఎవరైనా అట్లా చేస్తారా? ఆయన చేశాడు. మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి ఆనించాను. ఎండకు కాలుతోంది. తీయలేదు.

లింగయ్య ఎదురొచ్చాడు. పొట్టి మనిషి, మెల్లగా మాట్లాడతాడు. వాలు పైన తవ్వే మిషను ఆగి ఉంది.

మా పనిలో మట్టి మంచిదో కాదో చూడటానికి ఒక పద్ధతి ఉంది. తడిపి, రెండు అరచేతుల మధ్య సన్నగా పాములాగా చేసి, వేలికి ఉంగరంలాగా చుట్టాలి. విరగకుండా, పగలకుండా తిరిగితే అది విగ్రహానికి పనికొచ్చే మట్టి. నేను పెళ్లయిన కొత్తలో నేర్చుకున్న మొదటి పని ఇదే, ఆయనే నేర్పాడు. అంచున విరిగిన పెల్ల ఒకటి తీసి, సీసాలో నీళ్లు పోసి పిసికాను. వెన్నలా వచ్చింది. పాము చేశాను, వేలికి చుట్టాను. సన్న గీత కూడా పడలేదు.

"జూడు తమ్మీ!" అని ఆ వేలు ఎత్తి లింగయ్యకు చూపించాను. "ఎసొంటి మట్టి తెచ్చిండో చూడు! గిది ఎందుకు తవ్వుతరు? మీ పెద్దోళ్లకు చెప్పు, మట్టి తెల్సినోళ్లు ఒచ్చి చూసిండ్రని చెప్పు!"

లింగయ్య నా వేలు చూశాడు. ఖాజా భాయ్ జీపు బానెట్ వైపు తిరిగి ఏదో తుడవసాగాడు.

"అన్న కూడ గిట్లనే చుట్టి చూపించిండు వదినా," అన్నాడు లింగయ్య. "గిట్లనే వేలు లేపిండు."

"మరి?"

ఆయన వాలు పైకి పోయి, పాత రోడ్డు మొరం గుప్పెడు తెచ్చాడు. రాళ్లు ఏరేసి, మిగిలిన మన్ను తడిపి పాము చేయబోయాడు. సగంలోనే విరిగింది. ఇంకొకటి చేశాడు, అదీ విరిగింది.

"రోడ్డుకు గిట్ల విరగాలె వదినా. విరగని మట్టి నీళ్లు తాగుతది, ఉబ్బుతది, సబ్బు లెక్క అయితది. నేను అప్పట్ల చెప్పిన. అన్నకు మట్టి మీద మస్తు నమ్మకం. నాది కూలి నోరు. ఊకున్న."

నేను వేలికున్న మట్టి ఉంగరం తీయలేదు. "ఎండిపోయి ఉన్నది కద, మంచిగనే ఉన్నది," అన్నాను. నా గొంతు నాకే మొండిగా వినిపించింది. "పొద్దున పెద్దోళ్లతోని నేనే మాట్లాడత." ఆయన సరేనన్నాడు. గొడవ పడి ఉంటే బాగుండేది.

ఈదమ్మ ఇంట్లో

నన్ను ఈదమ్మ ఇంట్లో ఉంచారు. రేలపెంటలో పెద్దావిడ, నాకంటే పెద్దది. ఎడమ కాలు పక్కకు వేసి కుంటుతూ నడుస్తుంది. గుండ్రటి గుడిసె, లోపల చల్లగా ఉంది. జొన్న అంబలి పోసింది. చింతపండులో బూడిద కలిపి ఇచ్చింది. బూడిదా అని జంకాను. నాలుక మీద పెట్టుకుంటే పులుపు విరిగి తియ్యగా అయింది. నా బిస్కెట్టు ఆమె చాయ్‌లో ముంచకుండా కొరికి, "గింత ఇసక ఇసక ఉన్నదేంది?" అని మూతి విరిచింది. ఇంకో రెండు తింది.

"మొగడు పోయి ఎన్నేండ్లు?"

"రెండేండ్లు దాటింది అక్కా."

"మల్ల మనువు పోలేదా?"

నేను నోరు తెరిచి చూశాను. మా గల్లీలో ఈ మాట అంటే చెంబు విసిరేవాళ్లు. ఆమెకు అది వంట అయిందా అని అడిగినట్టే.

"ఈ వయసులనా?"

"వయసుకేమైంది? మనువు అంటే మాట్లాడనీకి మనిషే కద. నేను రెండోసారి పోయిన. ఆయన మంచిగ గురక పెడతడు."

ఆ గురక రాత్రంతా విన్నాను, నిజంగానే మంచి గురక. గోడ అవతల ఒక మనిషి ఉన్నాడని తెలుస్తూ ఉంటే నిద్ర పట్టింది.

కాలికి ఏమైందని పడుకునే ముందు అడిగాను. "పడ్డ," అంది ఈదమ్మ. "ఎక్కడ?" అంటే దీపం తగ్గించింది.

వాన

తెల్లవారాక వాన పడింది. తొలకరి కూడా కాదు, ఒక జల్లు, అంతే. లింగయ్యతో పెద్దవాళ్లు వస్తారేమో, ముందే వాలు దగ్గర ఉండాలని నేను బయలుదేరాను. ఈదమ్మకు అటువైపు కట్టెలు తేవాలి, ఆమె కూడా వచ్చింది. వాలు మొదట్లో ఆమె రోడ్డు వదిలి ముళ్లపొదల్లోకి దిగింది.

"అక్కా, గటెందుకు? రోడ్డు ఉన్నది కద!"

"నువ్ నడువు. నేను గిట్లొస్త."

నేను నడిచాను. మూడడుగులు కూడా కాలేదు. కాలు కింద నేల ఉంది, కానీ పట్టు లేదు. చెప్పు తెగి ముందుకు పోయింది, నేను వెనక్కి పడ్డాను, పడ్డచోట ఆగలేదు, వాలు కిందిదాకా జారాను. లేవబోతే చెయ్యి జారింది. చీరంతా ఆ మట్టే. ఎంత మెత్తగా ఉందో. ఏళ్ల తరబడి నా చేతుల్లో తిరిగిన మట్టి, ఆ రోజు నన్ను నిలబడనివ్వలేదు.

గేటు మూసేస్తారని రాత్రి ఇక్కడే ఉండిపోయిన ఖాజా భాయ్ వాలు కింద జీపు దగ్గర నుంచి పరుగెత్తి వచ్చాడు, అంచు దగ్గరే ఆగి చేతికర్ర చాచాడు. దాన్ని పట్టుకుని లేచి అంచుకు వచ్చాను.

"ఈదమ్మ ఈడనే పడ్డదా?" అని అడిగాను.

ఆయన ముందు చెప్పలేదు. నేను కర్ర వదలలేదు.

"నా జీపులనే అమ్మా. జ్వరమొస్తే దవాఖానకు తీస్కపోతున్న. బ్రేకు ఏస్తె బండి ఆగలే, అడ్డం తిరిగి గుంతల పడ్డది. తుంటి ఇరిగింది. మంచం మీద మోస్కపోదామంటె మోసేటోళ్లు కూడ నిలవడలే, ముళ్లల్లకెల్లి తీస్కపోయిండ్రు. గేటు కాడికి పోయేసరికి శానా పొద్దయింది. ఎముక వంకర అతికింది."

పొదల అవతలి నుంచి ఈదమ్మ అరిచింది. "ఏం చెప్తున్నవ్ ఖాజా? ఆమెకు చెప్పొద్దన్న కద నిన్న! వక్క నమిలే నోరు మూసుకోనీకి రాదా?"

నేను అంచున కూలబడ్డాను. ఆమె పెట్టిన అంబలి తిన్నాను. ఆమె చాప మీద పడుకున్నాను. మా ఆయన సంగతి ఆమెకు నేను రాకముందే తెలుసు. ఈదమ్మ కుంటుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

"మంచోడే. వాన ఒస్తదని ఒట్టి చేతులతోని రుద్దుతుండె. నేను చూసిన. ఆయన ఎవలకూ కీడు తలవలే."

"తలవలే అక్కా," అన్నాను. "కాని అయ్యింది."

ఇక్కడికి రాకముందు నాకు ఆయన మిగిల్చినది ఒకటే ఉందనుకున్నాను. అది పోతే నా దగ్గర ఏమీ లేదు. ఆ లెక్క అప్పటికీ మారలేదు, మారిందని అబద్ధం చెప్పను. కానీ ఆ కాలు నా ఎదురుగా ఉంది.

లింగయ్య రాగానే చెప్పాను. "తవ్వుండ్రి. ముక్క కూడ ఉంచకుండ్రి."

తవ్వకం

మట్టి ఆరడానికి కొన్ని రోజులు పట్టింది. మిషను వచ్చి ఒక పొద్దులో మొత్తం లేపేసింది. పెల్లలు పెల్లలుగా లేచిన ఆ మట్టి వైపు నేను చూడలేక ఈదమ్మ ఇంట్లో కూర్చున్నాను. లింగయ్య వచ్చి పిలిచాడు.

"వదినా, ఆ మట్టి పారేస్తలేం. రా."

వాలు పక్కన అడవి మొరం కుప్పలు పోసి ఉన్నాయి. పారలతో మా ఆయన పెల్లలను పొడి చేసి, ఆ కుప్పల్లో కొంచెం కొంచెం కలుపుతున్నారు.

"ఒట్టి మొరం ఏస్తె అదీ ఆగదు," అన్నాడు. "రాయి రాయిగ ఇడిపోతది, వానకు కొట్కపోతది. పట్టుకోనీకి జరంత బంక ఉండాలె. అన్న మట్టి అండ్ల కలుస్తది. మిగిలింది మొత్తం పెంట దాక ఏసే రోడ్డుల కలుపుతం. మొదటి గంప నువ్ ఎయ్యి."

"నేనా? నేను ఎయ్యొద్దు తమ్మీ. మొగడు లేనిదాన్ని."

లింగయ్యకు అర్థం కాలేదు. ఈదమ్మకూ అర్థం కాలేదు. "గంప ఎత్తనీకి మొగడెందుకు?" అంది. అందరూ నవ్వారు, వెక్కిరింత కాదు, నిజంగానే అర్థం కాక. గంప ఎత్తాను. నెత్తి మీదికి ఈదమ్మే సాయం పట్టింది. వాలు మీద పోశాను.

నీళ్ల ట్యాంకరు తడిపింది. నడుమ ఎత్తుగా, రెండు అంచులకు వాలుగా చదును చేశారు, నీళ్లు నిలవకుండా పక్కన కాలువలు తీశారు. రోలరు తిరగకముందు నేను ఒక చిటికెడు తీసుకున్నాను. అరచేతుల్లో పెట్టి పాము చేశాను. కాస్త సాగింది, సగంలో విరిగింది. జీవితంలో మొదటిసారి మట్టి విరిగితే సంబరపడ్డాను. "ఇరిగింది తమ్మీ!" అని అరిచాను. నునుపు చేయబోయిన చెయ్యిని మాత్రం వెనక్కి లాక్కున్నాను. రాళ్లు పైకి తేలి గరుకుగా ఉంది. చూడటానికి అందంగా లేదు. అందులో ఆయనది ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేను.

తిరుగు దారి

నేను బయలుదేరిన పొద్దున మళ్లీ వాన. ఈసారి జల్లు కాదు, గుడిసెల చూరులు కారేంత వాన. జీపు వాలు కింద ఆగి ఉంది. ఈదమ్మ నెత్తి మీద గోనెపట్ట కప్పుకుని సాగనంపడానికి వచ్చింది. ముందు రోజు లింగయ్య కోడి ఆమె ఎండబెట్టిన జొన్నలు తినేసింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

"దానికి ఇల్లు లేదా? జొన్నలు లేవా? లింగడు కోడిని పెంచుతుండా, దొంగను పెంచుతుండా? నువ్వే చెప్పు చెల్లె, పట్నంల గిట్లనే ఇడిచిపెడతరా?"

"పెట్టరు అక్కా," అన్నాను.

వాలు వచ్చింది. నేను ఆగాను. తెగిన చెప్పుకు తాడు కట్టుకున్నాను, దాన్ని తీసి చేత పట్టుకున్నాను. నీళ్లు నడుమ నుంచి రెండు పక్కలకు పారి కాలువల్లో పడుతున్నాయి.

ఈదమ్మ ఆగలేదు. పొదల వైపు చూడలేదు. ఎడమ కాలు పక్కకు వేస్తూ, చెయ్యి ఊపుతూ, నడిమధ్యలోంచి దిగిపోతోంది. నేను ఆమె అడుగులనే చూస్తూ వెనక నడిచాను. ఒక్కో అడుగు పడుతోంది, నిలుస్తోంది, లేస్తోంది.

"మొన్న కూడ గిట్లనే మిరపకాయలు కలబెట్టింది. ఈసారి దొరికితె కూర వండుత. లింగనికి కూడ ఒక ముక్క పంపుత, తిన్నంక చెప్త ఎవలదో. ఇంటున్నవా?"

"ఇంటున్న అక్కా. చెప్పు."

ఆమె చెబుతూనే కింద జీపు దగ్గరికి చేరింది.